సిజేరియన్ మచ్చలో గర్భం: గుర్తించడం ఎలా, చికిత్స ఏది
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ గదిలో ప్రసూతి వైద్యం చదువుతున్న పీజీలున్నారు, స్కాన్ చేసే సోనాలజిస్టులున్నారు, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే జూనియర్ డాక్టర్లున్నారు. ఇవాళ్టి విషయం ముగ్గురికీ సంబంధించినదే. స్కాన్‌లో చూడాల్సిన చోట చూడకపోతే, రిపోర్టులో ‘అసంపూర్ణ గర్భస్రావం’ అని వస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని డ్యూటీ డాక్టరు డీ అండ్ సీకి, అంటే గర్భాశయాన్ని లోపల గోకి శుభ్రం చేయడానికి, తీసుకెళ్తారు. గోకే పరికరం క్యూరెట్‌ని రెండుసార్లు తిప్పేసరికి రక్తం ధారకడుతుంది, ఇక ఆగదు. సిజేరియన్ మచ్చలో గర్భం వల్ల జరిగే అనర్థాల్లో చాలావాటికి దారి ఇదే. అది జరక్కుండా ఎక్కడ ఆపవచ్చో చెప్పడానికే వచ్చాను.

ముందు అసలు విషయం. సిజేరియన్ కోత మానినప్పుడు గర్భాశయం ముందు గోడలో, సర్విక్స్‌కి (గర్భాశయ ముఖద్వారానికి) కాస్త పైన, మచ్చ మిగులుతుంది. కొందరిలో అక్కడ కండరం పలచబడి లోపలివైపు చిన్న గుంట ఏర్పడుతుంది. స్కాన్ చేసేవాళ్లు నిష్ అనేది దాన్నే. తర్వాతి గర్భం గర్భాశయ కుహరంలో పైన అంటుకోకుండా ఆ గుంటలోనో, మచ్చ మీదో అంటుకుంటే అదే మచ్చ గర్భం. వైద్య పత్రికల్లో దీన్ని మొదటిసారి 1978లో లార్సెన్, సాలమన్ అనే ఇద్దరు డాక్టర్లు నివేదించారు. చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కేసులే ఉండేవి. సిజేరియన్లు పెరిగాయి, యోని మార్గంలో చేసే ట్రాన్స్‌వజైనల్ స్కాన్ అందరికీ అందింది, సంఖ్య పెరిగింది. పెద్ద ఆసుపత్రుల నుంచి వచ్చిన లెక్కల ప్రకారం సుమారు 1800 నుంచి 2200 గర్భాల్లో ఒకటి. అరుదే, కానీ ప్రసవాలు ఎక్కువ జరిగే ఏ ఆసుపత్రికైనా ఇది తప్పకుండా ఎదురవుతుంది.

ఎందుకింత ప్రమాదం? మామూలు చోట మాయ ఊడివచ్చాక రక్తం ఆగేది గర్భాశయ కండరం వల్ల. అడ్డదిడ్డంగా అల్లుకున్న కండర పోగులు ముడుచుకుని, వాటి మధ్య నుంచి వెళ్లే రక్తనాళాలను ఉరితాడులా బిగిస్తాయి. మచ్చ దగ్గర ఆ కండరం లేదు, ఉన్నది పీచు కణజాలం. అది ముడుచుకోదు. పైగా మచ్చ మీద గర్భాశయ లోపలి పొర సరిగా ఎదగదు కాబట్టి, మాయ కణాలను ఆపే అడ్డు ఉండదు. అవి మచ్చలోకి, అక్కణ్నుంచి మూత్రాశయం వైపు చొచ్చుకుపోతాయి. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఎంత ఇచ్చినా ఇక్కడ పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదే: ఆ మందు పనిచేయడానికి కండరం ఉండాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మచ్చ గర్భం, మాయ గర్భాశయ గోడలోకి చొచ్చుకుపోయే అక్రీటా జబ్బు వేరువేరు కావు. తొలి వారాల్లో మచ్చ గర్భంగా కనిపించినదే నెలలు నిండేసరికి అక్రీటాగా, గోడను కూడా దాటిపోయే పెర్‌క్రీటాగా బయటపడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండింటి కణజాలం ఒక్కలాగే ఉంటుంది. ఫాలోపియన్ ట్యూబులో గర్భంతో దీనికున్న తేడా కూడా అక్కడే. ట్యూబులో గర్భం బతకదు, కాబట్టి నిర్ణయం సులువు. ఇది ఒక్కోసారి ప్రసవం దాకా సాగుతుంది. అందుకే కొనసాగించాలా వద్దా అని ఆ గర్భిణితో మాట్లాడటం కష్టం.

ఎవరికి వస్తుంది? మూడు నాలుగు సిజేరియన్లయిన వాళ్లకే అనుకోకండి. ప్రచురితమైన కేసుల్లో దాదాపు సగం మందికి అంతకుముందు జరిగింది ఒక్క సిజేరియనే. లక్షణాలను కూడా నమ్ముకోలేం. మూడో వంతు మందికి ఏ బాధా ఉండదు, మామూలు స్కాన్‌కి వచ్చినప్పుడు బయటపడుతుంది. మరికొందరికి నొప్పి లేకుండా కొద్దిగా రక్తం కనిపిస్తుంది. కొందరికి పొత్తికడుపులో సన్నటి నొప్పి. తీవ్రమైన నొప్పితో, పడిపోతున్న బీపీతో వచ్చిందంటే గర్భాశయం చిట్లిందనే అనుమానించాలి.

స్కాన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే గెలుపోటములు ఇక్కడే తేలిపోతాయి. సిజేరియన్ అయిన ప్రతి స్త్రీకీ తర్వాతి గర్భంలో 6 నుంచి 7 వారాల మధ్య ట్రాన్స్‌వజైనల్ స్కాన్ చేయడం మంచిది. ‘గర్భం ఉందా, గుండె కొట్టుకుంటోందా’ అన్నవి చాలవు. ‘ఎక్కడ అంటుకుంది’ అని కూడా అడగాలి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేయించకండి, కొద్దిగా నిండి ఉండాలి. అప్పుడే మూత్రాశయానికీ గర్భాశయానికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. స్కాన్ యంత్రపు ప్రోబ్‌ని గట్టిగా నొక్కకండి, నొక్కితే ముందు గోడ అసలు మందం కన్నా పలచగా కనిపిస్తుంది. నిట్టనిలువు మధ్య చిత్రం ఒక్కటి తీసుకోండి, అందులో గర్భాశయం పైభాగం, సర్విక్స్ కాలువ, మూత్రాశయం మూడూ ఒకే ఫ్రేములో ఉండాలి. సాక్ (పిండం చుట్టూ ఉండే ద్రవపు తిత్తి) ఒక్కటే తెర నిండా పెద్దది చేసి తీసిన బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, కానీ అది ఎక్కడుందో ఆ బొమ్మ చెప్పదు. చాలా కేసులు జారిపోయేది ఆ జూమ్ వల్లే.

మచ్చ గర్భం అని చెప్పడానికి ఆ చిత్రంలో ఏం చూడాలి? గర్భాశయ కుహరం ఖాళీగా ఉండాలి. సర్విక్స్ కాలువ ఖాళీగా ఉండాలి. సాక్ ముందు గోడలో, సర్విక్స్ లోపలి ద్వారం ఎత్తున, మచ్చ ఉన్నచోట ఇమిడి ఉండాలి. 8 వారాల లోపు అది గుండ్రంగా కాక గుంట ఆకారం పుణికిపుచ్చుకుని త్రికోణంలా ఉంటుంది, ఆ తర్వాత గుండ్రబడుతుంది. సాక్‌కీ మూత్రాశయానికీ మధ్య కండరం చాలాసార్లు 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే సాక్ చుట్టూ, ముఖ్యంగా మచ్చ వైపు, రక్తప్రవాహం దట్టంగా వెలుగుతుంది. ఇంకో తేలికైన కొలత ఉంది: సర్విక్స్ బయటి ద్వారం నుంచి గర్భాశయం పైకొస దాకా గీత గీసి మధ్య బిందువు గుర్తించండి. 5 నుంచి 10 వారాల మధ్య సాక్ నడిమధ్య ఆ బిందువుకి కింద, సర్విక్స్ వైపు ఉంటే మచ్చ గర్భం అనుమానించాలి. మామూలు గర్భంలో అది పైన ఉంటుంది.

దీన్ని పోలినవి రెండున్నాయి. మొదటిది, జారిపోతున్న గర్భస్రావం. సాక్ పైనుంచి దిగి దారిలో ఆగి ఉంటుంది. ప్రోబ్‌తో మెల్లగా నెట్టి చూడండి. జారుతున్న సాక్ అటూ ఇటూ కదులుతుంది, దాని చుట్టూ డాప్లర్‌లో రక్తప్రవాహం ఉండదు. మచ్చ గర్భం కదలదు, చుట్టూ ప్రవాహం ఉంటుంది. అనుమానం ఉంటే, రక్తస్రావం ఎక్కువ లేకపోతే, ఒకట్రెండు రోజుల తర్వాత మళ్లీ స్కాన్ చేయండి. జారేదైతే స్థలం మారుతుంది. రెండోది సర్విక్స్‌లో గర్భం. అందులో సాక్ లోపలి ద్వారానికి కింద ఉంటుంది, సర్విక్స్ పీపాలా ఉబ్బుతుంది, సాక్‌కీ మూత్రాశయానికీ మధ్య ముందు గోడ మందం చెడకుండా ఉంటుంది.

ఇప్పుడు అసలు ఉచ్చు. 8 వారాలు దాటాక సాక్ పెరిగి పైన ఖాళీగా ఉన్న కుహరంలోకి పాకుతుంది. 10 వారాలకు చూసేవాళ్లకి అది నిక్షేపంలాంటి గర్భాశయ గర్భం. గుండె కొట్టుకుంటోంది, శిశువు పైన ఉంది, అంతా సవ్యం. కానీ మాయ వేళ్లు కింద మచ్చలోనే ఉన్నాయి. అందువల్ల ఆలస్యంగా స్కాన్‌కి వచ్చినప్పుడు శిశువు ఎక్కడుందన్నది వదిలేసి మాయ ఎక్కడ అంటుకుందో చూడండి. ముందు గోడలో కింద, మచ్చ మీద మాయ, దాంట్లో అడ్డదిడ్డమైన నల్లటి రక్తపు మడుగులు, మూత్రాశయం వైపు ఉబ్బు కనిపిస్తే అనుమానం నిలబెట్టండి. ‘కుహరం ఖాళీగా లేదు కాబట్టి మచ్చ గర్భం కాదు’ అన్న వాదన 8 వారాల తర్వాత చెల్లదు.

రక్తంలో గర్భ హార్మోన్ బీటా హెచ్‌సీజీ రోగనిర్ధారణకు పనికిరాదు. మామూలు గర్భంలోలాగే పెరుగుతుంటుంది. చికిత్స తర్వాత అనుసరించడానికి మాత్రం తప్పనిసరి. ఎమ్మారై చాలామందికి అక్కర్లేదు, స్కాన్ స్పష్టంగా లేనప్పుడు చేయించవచ్చు. దానికోసం చికిత్స ఆలస్యం కాకూడదు.

సోనాలజిస్టులకు ఒక మనవి. రిపోర్టులో ఎన్ని వారాలు, గుండె స్పందన ఉందా లేదా, ముందు గోడలో మిగిలిన కండరం ఎన్ని మిల్లీమీటర్లు, సాక్ కుహరం వైపు పెరుగుతోందా మూత్రాశయం వైపు ఉబ్బుతోందా, రక్తప్రవాహం ఎలా ఉంది, ఇవన్నీ రాయండి. చికిత్స ఎంపిక వీటి మీదే నడుస్తుంది. రాసి ఊరుకోకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

చికిత్స దగ్గరికి వద్దాం. ఆమెకు చెప్పాల్సిన మాట ముందు. కోరుకున్న గర్భం, గుండె కొట్టుకుంటోంది, తెర మీద చూసింది కూడా. ఆమెకు అంకెలు దాచకుండా చెప్పాలి. గుండె స్పందన ఉన్న మచ్చ గర్భాలను అలాగే కొనసాగించిన 52 మంది వివరాలను ఒక విశ్లేషణలో కలిపి చూశారు. నాలుగింట మూడొంతుల మంది చివరి మూడు నెలల దాకా వచ్చారు. కానీ అలా వచ్చినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి మాయ గోడలోకి చొచ్చుకుపోయింది. దాదాపు పదిమందిలో ఒకరికి మొదటి ఆరు నెలల్లోనే గర్భాశయం చిట్లింది. ఈ లెక్క చిన్నదే అయినా ధోరణి స్పష్టం. అందుకే అమెరికాలోని తల్లీబిడ్డల వైద్య సంఘం ఎస్‌ఎంఎఫ్‌ఎమ్ మార్గదర్శకాలు ఇలాంటి గర్భాన్ని కొనసాగించవద్దనే చెబుతున్నాయి. అన్నీ విన్నాక కూడా కొనసాగిస్తానంటే నిర్ణయం ఆమెదే. అప్పుడు అక్రీటా చూసే పెద్ద కేంద్రానికి పంపాలి. అంతా సవ్యంగా ఉన్నా 34 వారాల నుంచి 35 వారాల 6 రోజుల మధ్య సిజేరియన్ చేయాలి. గర్భాశయం తీసేయాల్సి రావచ్చని మొదటి రోజే చెప్పాలి.

గర్భం ఆపాలని నిర్ణయించాక ఆలస్యం మంచిది కాదు. వారం గడిచేకొద్దీ రక్తనాళాలు పెరుగుతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, క్రాస్‌మ్యాచ్, లివర్, కిడ్నీ పరీక్షలు, బీటా హెచ్‌సీజీ చూడాలి. ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇవ్వాలి. రెండు వెడల్పైన ఐవీ లైన్లు పెట్టాలి. అంగీకార పత్రంలో రక్తాన్ని నొక్కి ఆపే బెలూన్, పొట్ట కోత, గర్భాశయ ధమనిని మూసే ఎంబొలైజేషన్, గర్భాశయం తొలగింపు అన్నీ ఉండాలి. రక్తం సిద్ధంగా లేని చోట మొదలుపెట్టకండి.

ఒక నిషేధం గుర్తుపెట్టుకోండి. పదునైన క్యూరెట్‌తో, స్కాన్ లేకుండా డీ అండ్ సీ చేయకూడదు. సాక్ కుహరంలో లేదు, గోడలో ఉంది. క్యూరెట్ దాన్ని పూర్తిగా తీయలేదు, కానీ దాని రక్తనాళాలను చీల్చగలదు. పలచటి గోడ దాటి మూత్రాశయంలోకి దిగగలదు. అలాగే గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే మిసోప్రొస్టాల్ మాత్రలిచ్చి ఇంటికి పంపకండి. పైన కండరం ముడుచుకుంటుంది, మచ్చ ముడుచుకోదు, మాయ సగం ఊడి రక్తం పోతుంది. సిజేరియన్ అయినవాళ్లకి గర్భం పోవడానికి మాత్రలిచ్చే ముందు సాక్ ఎక్కడుందో స్కాన్‌లో చూడాలనేది ఇందుకే.

గర్భ కణాల పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ కండరానికి ఒక్కటే ఇచ్చి ఊరుకోవడాన్ని కూడా ఎస్‌ఎంఎఫ్‌ఎమ్ సిఫారసు చేయదు. మచ్చలో పీచు కణజాలం కాబట్టి మందు సాక్ దగ్గరికి సరిగా చేరదు. పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోగా సాక్ పెరుగుతూనే ఉంటుంది. సాక్ లోపలికే నేరుగా ఇవ్వడం మెరుగు. ట్రాన్స్‌వజైనల్ ప్రోబ్‌కి నీడిల్ గైడ్ అమర్చి, 20 లేదా 22 గేజ్ సూదిని స్కాన్ చూస్తూ సాక్‌లోకి పోనిస్తారు. సూది మొన తెర మీద కనిపించకుండా ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకు కదపకూడదు. ముందుగా కొంత ద్రవం లాగుతారు. గుండె స్పందన ఉంటే పిండంలోకి కొద్దిగా పొటాషియం క్లోరైడ్ ఇచ్చి, స్పందన ఆగిందని కళ్లారా చూస్తారు. తర్వాత మెథోట్రెక్సేట్, మామూలుగా 25 నుంచి 50 మిల్లీగ్రాములు. సూది తీశాక అరగంట నుంచి గంట ఆగి మళ్లీ స్కాన్ చేయాలి: స్పందన తిరిగి రాలేదు కదా, రక్తం పేరుకోలేదు కదా.

ఇంజెక్షన్ తర్వాత మొదటి రోజుల్లో హెచ్‌సీజీ పెరగవచ్చు. సాక్ పెద్దదవవచ్చు, డాప్లర్‌లో వెలుగు కూడా ఎక్కువ కావచ్చు. మందు పనిచేయలేదని కంగారుపడి శస్త్రచికిత్సకు పరుగెత్తకండి. రక్తస్రావం లేకపోతే వారం వారం హెచ్‌సీజీ చూస్తూ ఆగండి. మామూలుకి రావడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు, మచ్చలో గడ్డ నెలల తరబడి కనిపించవచ్చు. ఈ కాలమంతా ఫోలిక్ యాసిడ్ మాత్రలు, నొప్పికి బ్రూఫెన్ జాతి మందులు, మద్యం, సంభోగం వద్దు. రాత్రయినా ఆసుపత్రికి చేరగలిగే దూరంలో ఉండేవాళ్లకే ఈ దారి. మళ్లీ గర్భం కోసం కనీసం 3 నెలలు ఆగాలి.

తొలి వారాల్లో, కుహరం వైపు పెరుగుతున్న సాక్‌కి, ముందు గోడ 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉన్నప్పుడు, స్కాన్ చూస్తూ వ్యాక్యూమ్‌తో తీయడం చాలామందికి సరిపోతుంది. రోజుల్లో పని పూర్తవుతుంది, హెచ్‌సీజీ త్వరగా దిగుతుంది. ఎలా చేయాలో చెబుతాను. ఒకరు పొట్ట మీద ప్రోబ్ పట్టుకుని, కాన్యులా (పీల్చే గొట్టం) మొనను క్షణం కూడా వదలకుండా చూపిస్తుండాలి. మూత్రాశయం సగం నిండి ఉండాలి, లేకపోతే మచ్చ కనిపించదు. సర్విక్స్‌ని అవసరమైన మేరకే మెల్లగా తెరవండి. ప్లాస్టిక్ కాన్యులాని సాక్ దాటించి పైకి తోయకండి, మొన సాక్ దగ్గరికి చేరగానే ఆపండి. మొన వెనక గోడ వైపు తిరిగి ఉండాలి, ముందుకి కాదు. అప్పుడు సక్షన్ మొదలుపెట్టండి. సాక్ కుంచించుకుపోవడం తెర మీద కనిపిస్తుంది. గుంట అడుగున సన్నటి పొర మిగిలితే మిగలనివ్వండి, గోకకండి. అది హెచ్‌సీజీతో పాటు మెల్లగా కరుగుతుంది. గోకినప్పుడే చిల్లు పడుతుంది.

రక్తం ఆగకపోతే కొసన బెలూన్ ఉండే ఫోలీ కేథటర్ గొట్టాన్ని లోపలికి పంపి, బెలూన్ మచ్చ ఎత్తున ఉందని స్కాన్‌లో చూసుకుంటూ 20 నుంచి 30 మిల్లీలీటర్ల సెలైన్ నింపండి. ఎక్కువ నింపితే పలచటి గోడే చిట్లవచ్చు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో మెల్లగా ఇవ్వండి. బెలూన్ 12 నుంచి 24 గంటలు ఉంచి, తీసేటప్పుడు ఒక్కసారిగా కాకుండా సగం ఖాళీచేసి కాసేపు చూసి, మిగతాది తీయండి. ఆ సమయంలో థియేటర్ సిద్ధంగా ఉండాలి. 6, 7 వారాల గర్భాలకు రెండు బెలూన్ల కేథటర్ కూడా వాడతారు: పైబెలూన్ గర్భాశయంలో ఆధారంగా ఉంటే, కింది బెలూన్ సాక్‌ని నొక్కి స్పందన ఆపుతుంది, రక్తాన్నీ అదే ఆపుతుంది.

సాక్ మూత్రాశయం వైపు ఉబ్బితే, గోడ 3 మిల్లీమీటర్లలోపే ఉంటే, వ్యాక్యూమ్ సరైంది కాదు. లాపరోస్కోపీతో గానీ యోని మార్గంలో గానీ మూత్రాశయాన్ని కిందికి వేరుచేసి, సాక్‌ని పాత మచ్చతో సహా కోసి తీసి, తాజా అంచులను రెండు పొరలుగా కుట్టాలి. గుంట కూడా పోవడం ఇందులో అదనపు లాభం. మూత్రాశయం పాత సిజేరియన్ వల్ల అతుక్కుని ఉంటుంది, దాన్ని వేరుచేసేటప్పుడే గాయాలవుతాయి. కుట్టాక మిథిలిన్ బ్లూ కలిపిన సెలైన్‌తో మూత్రాశయం నింపి కారడం లేదని చూసుకోండి. గర్భాశయ ధమని ఎంబొలైజేషన్ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. కానీ పిల్లలు కావాలనుకునేవాళ్లలో అండాశయం, గర్భాశయ లోపలి పొర దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి అందరికీ ముందుజాగ్రత్తగా చేయడం నాకు సరైందనిపించదు.

మరి తెలియక డీ అండ్ సీ మొదలుపెట్టేశారు, రక్తం ధారకడుతోంది. అప్పుడు? ‘ఇంకాస్త మిగిలిందేమో’ అని మళ్లీ గోకడమే అందరూ చేసే పని, ప్రాణం తీసే పని కూడా అదే. క్యూరెట్ కింద పెట్టండి. బెలూన్ వేయండి. రక్తం తెప్పించండి, సీనియర్‌ని పిలవండి, పొట్ట మీద ప్రోబ్ పెట్టి చూడండి. బెలూన్‌తో ఆగితే ఊపిరి పీల్చుకుని వేరే కేంద్రానికి పంపండి, బెలూన్ అలాగే ఉంచి. ఆగకపోతే పొట్ట తెరవండి. గర్భాశయం తీయాల్సి వస్తే ఆ నిర్ణయం రక్తం గడ్డకట్టే శక్తి పోయాక కాదు, ముందే తీసుకోవాలి.

తర్వాతి గర్భం మాట కూడా డిశ్చార్జి రోజే చెప్పాలి. ఇది మళ్లీ రావచ్చు. గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి ఇచ్చి పంపండి. మళ్లీ గర్భం వస్తే 5, 6 వారాలకే ట్రాన్స్‌వజైనల్ స్కాన్‌కి రావాలని డిశ్చార్జి సమ్మరీలో పెద్ద అక్షరాలతో రాయండి. తర్వాత ఏ ఊళ్లో ఏ డాక్టరు చూసినా ఆ కాగితమే చెబుతుంది.

(ప్రశ్న: గుండె స్పందన లేకపోతే కొన్నాళ్లు ఆగి చూడవచ్చా సార్?)

చూడవచ్చు, కానీ అందరికీ కాదు. రక్తస్రావం లేకుండా, హెచ్‌సీజీ దిగుతూ, ఆసుపత్రికి దగ్గర్లో ఉండేవాళ్లకి. స్పందన లేని కేసుల్లో సుమారు మూడింట రెండొంతులు ఇబ్బంది లేకుండా జారిపోతాయి, మిగతా మూడోవంతుకి శస్త్రచికిత్స కావాల్సివస్తుంది. స్పందన లేకపోయినా గోడ చిట్లిన కేసులున్నాయి. కాబట్టి ‘పోయిన గర్భమేగా’ అని వదిలేయకుండా ప్రతి వారం పిలవండి.

(ప్రశ్న: ఒకటి కుహరంలో, ఒకటి మచ్చలో, రెండూ ఉంటే?)

ఐవీఎఫ్ తర్వాత ఇలాంటివి వస్తున్నాయి. పైగర్భం కావాలనుకుంటే మెథోట్రెక్సేట్ ఏ దారిలోనూ ఇవ్వకూడదు, అది పైశిశువుకీ విషమే. మచ్చలోని పిండానికి మాత్రమే సూదితో పొటాషియం క్లోరైడ్ ఇవ్వడం గానీ, ఆ సాక్‌ని స్కాన్ చూస్తూ లాగేయడం గానీ చేస్తారు. చేశాక మచ్చలో మిగిలిన మాయ కణజాలం నుంచి ఎప్పుడైనా రక్తస్రావం కావచ్చు కాబట్టి, ప్రసవం దాకా ఆమెను అక్రీటా కేసులాగే చూసుకోవాలి. ప్రసవం రక్తం, థియేటర్, యూరాలజిస్టు అందుబాటులో ఉన్న చోటే జరగాలి.